తొలిచూలాలి తొమ్మిది నెలలు

విజయనగరమునుండి సుమారు పన్నెండు కిలోమీటర్లు పోయి, నెల్లిమర్ల దాటి మరికొంత సాగినచో, వరిపొలముల నడుమ హఠాత్తుగా లేచి నిలిచిన రాతికొండలు కానవచ్చును. వానిని చూచి ఇది రామతీర్థమని చెప్పలేనివారు ఉత్తరాంధ్రమున అరుదు. నీలాచలము క్రింద శ్రీరామస్వామి కోవెలయు, కోనేరును, చెంతనే గురుభక్తులకొండమీద శిథిలములై మిగిలిన బౌద్ధారామపు ఇటుకకట్టడములును ఉన్నవి. రాముని సన్నిధిని శివరాత్రి జాగరణ చేయుట ఇచ్చటి విశేషము. ఆ జాతరకు చుట్టుపట్ల పల్లెలనుండి తరలివచ్చు జనములో, నెల తప్పి ఇంకను ఎవరికిని చెప్పని క్రొత్త కోడండ్రు కొందరైనను ఉండక మానరు. కొండమెట్లచెంత ఆగి, కోడలి ముఖమును ఒకమారు, మెట్లను ఒకమారు చూచి, "మొక్కున్నాది, ఎక్కించీమంటారేటి?" అని అడిగెడి అత్తగారి ప్రశ్న చిన్నదిగా తోచును గాని, తొలిచూలును గూర్చి ప్రతి కుటుంబమును వేధించు సందేహములన్నియు ఆ ఒక్క ప్రశ్నలో ఇమిడియున్నవి. ఏది చేయవచ్చును, ఏది చేయరాదు, ఎవరి మాట వినవలెను?

చరకసంహిత శారీరస్థానమున, అంచుదాక నూనె నిండిన పాత్రను తొణకనీయక మోసికొనిపోవు తీరున గర్భిణిని కాపాడవలెనని ఒక ఉపమానము కలదు. దానిని తలచినప్పుడెల్ల నా మనస్సునకు తట్టునది ఒక్కటే: అందు గర్భిణి పాత్ర, మోయువారు మాత్రము వేరొకరు. భర్త, అత్తమామలు, తల్లిదండ్రులు, ఊరి ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం., ఆసుపత్రి వైద్యురాలు, వీరందరి చేతులును ఆ పాత్ర క్రింద ఉండవలసినవే. అయినను నేటి హితోపదేశములను చూడగా, తినవలసినవి, తినరానివి, నడువవలసినవి, మానవలసినవి అన్నియు ఆ ఇరువదేండ్ల పిల్ల తలపైననే పెట్టబడుచున్నవి. అందుచే ఈ వ్యాసమున చెప్పునది తొలిచూలాలికి ఎంతయో ఆమె ఇంటివారికిని అంతే.

లెక్కతో మొదలుపెట్టుదము. కడపటి ముట్టు మొదటి దినమునకు తొమ్మిది నెలల ఏడు దినములు కలిపినచో కాన్పు గడువు తెలియును. అది మొత్తము 280 దినములు, అనగా నలువది వారములు. సంక్రాంతినాడు, జనవరి 14వ తేదీన, బహిష్టయిన ఒక అమ్మాయి ఆ పిమ్మట నీళ్ళుపోసికొన్నదనుకొందము. ఆమె గడువు అక్టోబరు 21. గడువు తేదీననే సరిగా కనువారు నూటికి నలుగురైదుగురికి మించరు గనుక, ముప్పదియేడవ వారము దాటిన తరువాత ఏ దినమైనను కాన్పుదినమే యని ఇంటివారు సిద్ధముగా నుండుట మంచిది. ఈ అమ్మాయినే వెంటబెట్టుకొని మన ప్రాంతపు సంవత్సరమును ఒకమారు నడచి వత్తము. ఏలయన, పుస్తకములలో వారములుగా విభజింపబడిన గర్భము పల్లెలలో జాతరలతోను, ఎండలతోను, వరినాట్ల ఉభాలతోను, తుఫానులతోను ముడివడి నడచును.

ఫిబ్రవరి నడుమ ఆమెకు నెల తప్పినట్లు అనుమానము కలుగునాటికే లోపల ఒక ముఖ్యకార్యము ముగియవచ్చియుండును. పిండము ఏర్పడిన ఇరువది యెనిమిది దినములలోపల, మెదడునకును వెన్నుపామునకును మూలమైన నాడీనాళము, చాపవలె పరచియున్నది చుట్టుకొని, గొట్టమై మూసికొనును. ఆ మూత సరిగా పడనిచో బిడ్డ వెన్ను తెరచుకొనియే పుట్టును; ఒక్కొక్కప్పుడు తలపుఱ్ఱెయే ఏర్పడదు. ఆ మూత పడుటకు కావలసిన పదార్థములలో ఫోలిక్ ఆమ్లము ప్రధానమైనది, దాని చరిత్రలో మన తెలుగువాని చేయి ఉన్నది.

1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, అచ్చటి బట్టలమిల్లులలో పనిచేయు పేద గర్భిణులను పీడించు ఒక విధమగు రక్తహీనతను పరిశీలించెను. ఈస్టునుండి తీసిన సారము తినిపింపగా ఆ స్త్రీలు కోలుకొనిరని ఆమె 1931లో ప్రకటించెను. కాని అందలి గుణము ఏ పదార్థమునదో అప్పటికి తెలియలేదు. 1941లో అమెరికాలో శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి ఆ పదార్థమును రవంత వేరుచేసి, లాటిను భాషలో ఆకునకు గల పేరునుబట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. అటుపై దానిని ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేసిన లెడర్లీ సంస్థ పరిశోధకులకు నాయకుడు 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. సంగ్రహణివ్యాధివలన సొంత సోదరుని పోగొట్టుకొన్న ఆయన ఆ వ్యాధికి మందును వెదకుచు పట్టిన దారి ఈ ఆమ్లమును 1940ల నడుమ లోకమునకు అందించినది. 1948లో ఆయన మరణించెను. ఆ మాత్ర గర్భస్థశిశువుల వెన్నును కాపాడునని రూఢిగా తేలుటకు మరి నాలుగు దశాబ్దములు పట్టెను. 1991లో వెలువడిన ఒక బ్రిటిషు పరీక్షలో, అంతకుముందు అట్టి లోపముగల బిడ్డను కనిన తల్లులకు గర్భమునకు ముందునుండియే ఈ మందు నీయగా, లోపము తిరుగవచ్చుట నూటికి డెబ్బదిరెండు పాళ్ళు తగ్గినది.

కాన బిడ్డ కావలెనని తలచిన నాటినుండియే దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లపు మాత్ర ఒకటి వేసికొనుట మేలు. నెల తప్పిన తరువాత మొదలుపెట్టుటయు వ్యర్థము కాదు, కాని కొంత ఆలస్యమే. మూర్ఛ మొదలగు వ్యాధులకు మందులు వాడు స్త్రీలును, మధుమేహముగలవారును గర్భమునకు పూర్వమే వైద్యుని కలిసి మాట్లాడవలెను; భయపడి తమంతట తాము మందులు ఆపివేయుట మాత్రము మిక్కిలి ప్రమాదకరము.

శివరాత్రినాటికి మన అమ్మాయికి ఆరేడు వారములు. అప్పటికి వేవిళ్ళు ఆరంభమైయుండును. పోపు వాసన, అగరువత్తి పొగ, నిన్నటివరకు ఇష్టమైన ఆవపెట్టిన పనసపొట్టుకూర, అన్నియు కడుపు త్రిప్పును. ఇది నాజూకు అనియో, పని తప్పించుకొను ఉపాయమనియో ఎవరైన ఎత్తిపొడిచినచో అది అన్యాయము. మాయనుండి పుట్టి తల్లి రక్తములోనికి వచ్చు జి.డి.ఎఫ్.-15 అను ఒక ప్రోటీను మెదడులోని వాంతి కేంద్రమును రేపుననియు, గర్భమునకు పూర్వము ఎవరి రక్తమున ఆ ప్రోటీను తక్కువగా నుండునో వారికి వేవిళ్ళు ఎక్కువగా వచ్చుననియు 2023లో ప్రకటితమైన పరిశోధనలు తేల్చినవి. పదునాలుగు, పదునారు వారములనాటికి చాలమందిలో అది అణగిపోవును. అంతవరకు ప్రక్కమీదినుండి లేవకముందే గుప్పెడు మరమరాలో అటుకులో నమలుట, కడుపును ఖాళీగా ఉంచక రెండు మూడు గంటలకొకమారు కొంచెము కొంచెము తినుట, భోజనములకు నడుమ నీరు త్రాగుట ఉపకరించును. వంటయింటిని కొన్నాళ్ళు వేరొకరు చూచుకొనుట వీనియన్నింటికంటె ఎక్కువ ఉపకరించును. నీరును నిలువక, మూత్రము చిక్కబడి, లేచిన కన్నులు తిరుగుచు, బరువు తగ్గుచున్నచో మాత్రము అది ఇంటివైద్యపు హద్దు దాటినది. సెలైను ఎక్కింపవలసిన స్థితి.

ఇప్పుడు మెట్లచెంతనున్న అత్తగారికి సమాధానము చెప్పవచ్చును. ఆరోగ్యముగానున్న గర్భిణికి మెట్లెక్కుట అపాయము కాదు. తొలినెలలలో గర్భము పోవుటకు నడకయో మెట్లో కారణమని భావించుట తప్పు, ఏలయన అట్లు పోయినవానిలో సగమునకు పైగా పిండమునందలి క్రోమోజోముల దోషమువలననే పోవును. అసలు హాని పగలంతయు ఉపవాసముండి, నీరు ముట్టక, రాత్రి నిద్ర మాని, తొక్కిసలాటలో నిలుచుటలో ఉన్నది. రక్తస్రావము కనబడినవారును, మాయ క్రిందికి ఉన్నదని వైద్యులు చెప్పినవారును కొండ క్రింది కోవెలలోనే దండము పెట్టుకొనవలెను. తక్కినవారు తిని, నీళ్ళసీసా చేతబట్టుకొని, చల్లని వేళ నెమ్మదిగా ఎక్కవచ్చును. ఆయాసము వచ్చినచోట కూర్చుండిపోయినను మొక్కునకు లోపము రాదు.

నెల తప్పినట్లు తెలిసిన వెంటనే ఏ.ఎన్.ఎం. వద్ద పేరు నమోదు చేయించుకొని, తల్లీబిడ్డల కార్డు తీసికొనవలెను. రక్తము గ్రూపు, హిమోగ్లోబిను, మూత్రము, రక్తపోటు, బరువు అన్నియు అందు ఎక్కును. ధనుర్వాతము రాకుండ టీ.డీ. సూది ఒకటి వెంటనే, రెండవది నాలుగు వారములకు. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులను వైద్యులు ఉచితముగా పరీక్షించు కార్యక్రమము 2016నుండి నడచుచున్నది. రక్తము ఆర్‌హెచ్ నెగెటివ్ అయినచో ఇరువది యెనిమిదవ వారమున ఒక ప్రత్యేకమైన సూది ఉన్నదని గుర్తుంచుకొనవలెను. ఇంతకుమించి ఈ జాబితాను పెంచుట నా ఉద్దేశము కాదు. రక్తమును గూర్చి మాత్రము తీరికగా చెప్పవలసియున్నది.

గర్భిణి శరీరములో రక్తము దాదాపు లీటరున్నర పెరుగును. అందు నీటిపాలు నూటికి నలువదియైదు వంతులు పెరుగగా, ఎఱ్ఱకణములు ఇరువది ముప్పది వంతులే పెరుగును. కాన రక్తము కొంత పలుచబడుట సహజము. ఆ పలుచదనమును లెక్కలోనికి తీసికొనియే, హిమోగ్లోబిను 11 గ్రాములకు తగ్గినచో రక్తహీనతయనియు, 7కు తగ్గినచో అది తీవ్రమనియు నిర్ణయించిరి. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశమునందలి గర్భిణులలో సగముకంటె ఎక్కువమంది, నూటికి యేబదిఇద్దరు, ఈ హద్దునకు క్రిందనే ఉన్నారు. నవమాసములకు కావలసిన ఇనుము మొత్తము ఒక గ్రాము. అరచేతిలో కానరానంత చిన్న పొడి. అయినను అది సమకూరదు. తోటకూర, గోగుకూర, ములగాకు తిన్న రక్తము పడునని మన ఇండ్లలో చెప్పుమాట అబద్ధము కాదు గాని, ఆకులలోని ఇనుములో ప్రేవులు పీల్చుకొనునది అత్యల్పము. నిమ్మపండో ఉసిరికాయయో కలిసినచో ఆ భాగము పెరుగును. భోజనము కాగానే త్రాగు టీ దానిని తగ్గించును. రెండు పూటల అన్నము పిమ్మట టీ త్రాగు అలవాటు మన పల్లెలలో ఎంతగా పాతుకొన్నదో ఎరిగినవారికి, ఆ టీని ఒక గంట వెనుకకు జరుపుమని చెప్పుట ఎంత చిన్న సలహాయో, ఎంత పెద్ద ప్రయోజనమో తెలియును.

ఆకుకూరతో తీరని వెలితిని ఇనుపమాత్ర తీర్చును. నాలుగవ నెలనుండి దినమునకొకటి చొప్పున 180 దినములు వేసికొనవలెనని ప్రభుత్వము ఇచ్చు ఎఱ్ఱని మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుమును, ఫోలిక్ ఆమ్లమును ఉన్నవి. వీనిని తీసికొనిపోయి గూటిలో పెట్టి మరచువారు చాలమంది. వికారము కలిగించుననియు, మలము నల్లబడుననియు, బిడ్డ నల్లగా పుట్టుననియు చెప్పుదురు. మలము నల్లబడుట నిజము, అది పీల్చుకొనగా మిగిలిన ఇనుము రంగు, హాని లేదు. బిడ్డ రంగునకును మాత్రకును సంబంధము లేదు. వికారమునకు రాత్రి పరుండబోవు ముందు వేసికొనుట మందు. కాల్షియం మాత్రను దీనితో కలుపక, కనీసము రెండు గంటల ఎడముగా వేసికొనవలెను, ఏలయన ఒకటి రెండవదానిని అడ్డగించును. నాలుగవ నెల దాటిన తరువాత నులిపురుగుల మందు ఒక మోతాదు ఇచ్చుటయు ఇందుకొరకే. చెప్పులులేక పొలములో నడచువారి ప్రేవులలో కొంకిపురుగు చేరి దినదినము రక్తము పీల్చును.

ఇచ్చట ఒక చిత్రమగు విషయము. కాళిదాసు రఘువంశము మూడవ సర్గలో, రఘువును మోయుచున్న సుదక్షిణాదేవి మట్టి తినుటను, ఆమె ముఖమునుండి వచ్చు మట్టివాసనను దిలీపుడు ఆఘ్రాణించుటను వర్ణించెను. భూమినేలబోవు కొడుకునకు ముందుగనే భూమిమీద కోరిక కలిగినదని కవి చేసిన ఊహ మనోహరము. మన చూలాండ్రు చాటుగా నమలు బలపమును, పచ్చిబియ్యమును, గోడమట్టిని చూచి నేటి వైద్యుడు మొదట హిమోగ్లోబిను పరీక్ష చేయించును. ఇనుము కొరవడినవారిలో ఇట్టి కోరిక తరచుగా పుట్టును. అమ్మాయి మట్టి తినుచున్నదని ఎవరైన చూచినచో తిట్టక, నవ్వక, ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

భోజనము విషయమున రెండు విరుద్ధమైన దురభిప్రాయములు ఒకే ఇంట కాపురముండుట చూచితిని. "ఇద్దరి కూడు నువ్వే తినాలే" అని నాయనమ్మ ఒకవంక ముద్దమీద ముద్ద పెట్టును. బిడ్డ పెద్దదైనచో కాన్పు కష్టమగునని మేనత్త మరియొకవంక ఎనిమిదవ నెలనుండి అన్నము తగ్గించును. రెండింటిలో రెండవదే ఎక్కువ హానికరము. తక్కువ తిన్నంతమాత్రమున కాన్పు సులభము కాదు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు మాత్రము ప్రాణగండము. 1918లో కూనూరున మెకారిసన్ దొర చిన్న గదిలో ఆరంభించిన పరిశోధన పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థయని పిలువబడుచున్నది. మన దేశమున ఎవరికెంత ఆహారము కావలెనో లెక్కకట్టువారు వారే. నాలుగవ నెలనుండి గర్భిణికి అదనముగా కావలసినది దినమునకు దాదాపు 350 కేలరీలు. ఒక గిన్నెడు చోడి అంబలి, ఒక గ్రుడ్డు, ఒక గ్లాసు పాలు చేరినచో అది నిండును. ఇతరప్రాంతములవారు రాగులని పిలుచు మన చోళ్ళలో నూరు గ్రాములకు మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం కలదు. బియ్యములో దానికి పదియవవంతైనను లేదు. అంగన్‌వాడీలో ఇచ్చు గ్రుడ్డును పాలను ఇంటికి తెచ్చి అందరును పంచుకొనుట మన కుటుంబములలోని ప్రేమకు గుర్తే గాని, ఆ గ్రుడ్డు ఆమెదే. మామూలు బరువుగల స్త్రీ తొమ్మిది నెలలలో పది పన్నెండు కిలోలు పెరుగుట తగినది.

బొప్పాయి భయమునకు కొంత ఆధారము లేకపోలేదు. పచ్చికాయలోని పాలు ఎలుకల గర్భాశయమును ముకుళింపజేసినట్లు ప్రయోగములలో కనబడినది. మ్రగ్గిన పండులో ఆ గుణము లేదు. నువ్వులు వేడి చేయునని చిమ్మిలిని దూరముపెట్టుట అనవసరము. పుట్టింటివారు చలిమిడి తెచ్చి కడుపుచలువయని పెట్టు ఆచారము నాకు మిక్కిలి ఇష్టము. బియ్యపుపిండి, బెల్లము, నెయ్యి కలిసిన ఆ ముద్దలో ఆహారముకంటె ఆదరమే ఎక్కువ, ఆ దినముల పిల్లకు అదియు ఆహారమే. మధుమేహము బయటపడినవారు మాత్రము దానిని గోరంత తుంచుకొనవలెను.

గ్రహణమును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు, ఏలయన మన భాషయే ఈ భయమును మోయుచున్నది. పైపెదవి చీలి పుట్టిన బిడ్డను గ్రహణమొఱ్ఱిగలదందుము. గ్రహణవేళ గర్భిణి కదలినచో, గోకికొన్నచో, కత్తిపీట పట్టినచో బిడ్డకు మొఱ్ఱి వచ్చునని, ఆమెను చీకటిగదిలో వెల్లకిల పరుండబెట్టి, గంటలకొలది నీరైనను ఈయని ఇండ్లు నేటికిని ఉన్నవి. పిండమున ముఖము రెండు ప్రక్కలనుండి పెరిగివచ్చి నడుమ అతుకుకొనుట తొలి మూడు నెలలలోనే పూర్తియగును. ఆ అతుకు పడకపోవుటకు వంశపారంపర్యము, పొగాకుపొగ, కొన్ని మందులు, తల్లి మధుమేహము కారణములుగా తేలినవి. ఏడవనెల గర్భిణి గ్రహణమునాడు కూరగాయలు తరిగినందున, ఎన్నడో అతుకుకొనియున్న పెదవి తిరిగి చీలదు. వెల్లకిల గంటలకొలది పరుండుటలోనే అపాయమున్నది. బరువైన గర్భాశయము వెన్నెముక ప్రక్కనున్న పెద్ద సిరను నొక్కగా, గుండెకు తిరిగివచ్చు రక్తము తగ్గి, బిడ్డకు పోవు రక్తమును తగ్గును. ఏడవ నెలనుండి నిత్యము ప్రక్కకు తిరిగి నిద్రించుమని చెప్పుట అందుకే.

మే నెల ఎండలు మన అమ్మాయికి నాలుగైదు నెలలప్పుడు వచ్చును. తొలిచూలున బిడ్డ కదలిక తెలియునది పదునెనిమిది, ఇరువది వారముల నడుమ. సుశ్రుతుడు నాలుగవ మాసమున గర్భస్థుని హృదయము వ్యక్తమగుననియు, నాటినుండి స్త్రీ రెండు హృదయములు కలదై దౌహృదిని యగుననియు, ఆమె కోరికలు తీర్పవలెననియు చెప్పెను. నేటి స్కానింగులో ఆరేడు వారములకే ఆ గుండె మిణుకుమిణుకుమనుట చూడవచ్చును. అయినను తల్లికి స్వయముగా, లోపల చేపపిల్ల తిరిగినట్లు, తొలిసారి తెలియు క్షణమును ఏ యంత్రమును ముందుగా ఈయజాలదు. ఏడవ నెల దాటిన తరువాత ఆ కదలికయే బిడ్డ క్షేమసమాచారము. ప్రతి బిడ్డకును తనదైన వేళాపాళా ఉండును. తల్లి దానిని గమనించి, ఎప్పటికంటె తగ్గినదని తోచినచో ప్రక్కకు తిరిగి పరుండి లెక్కింపవలెను. రెండు గంటలలో పది కదలికలు తెలియనిచో తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి పోవలెను.

జూలై, ఆగస్టులలో ఉభాలు. కూలికి పోక తీరని ఇండ్లలో ఆరేడు నెలల గర్భిణులు బురదలో నడుము వంచి నాటువేయుచుందురు. పని మొత్తము మానుమని వ్రాయుట నాకు సులభము. ఆ కూలి లేక గడుచుట వారికి సులభము కాదు. నడుము వంచియే గంటలకొలది ఉండక, బరువులెత్తక, గట్టుమీద నీటిచెంబుంచుకొని, నాటుబదులు నారుకట్టలు విప్పి అందించు పనియిచ్చుట తోడి కూలీలు చేయగల సాయము. తొలికాన్పునకు కేంద్రప్రభుత్వము మాతృవందన యోజన క్రింద ఇచ్చు 5000 రూపాయలు ఇట్టి దినములకొరకే ఉద్దేశింపబడినవి. ఆ ధనము ఇంటి అప్పులోనికి పోకుండ చూచుకొనవలెను. ఇంకొకటి: నిప్పున్న వైపు నోటిలోనికి పెట్టి చుట్ట కాల్చు అడ్డపొగ మన తీరప్రాంతపు వృద్ధస్త్రీలలో పాత అలవాటు. ఆ పొగయు, కట్టెలపొయ్యి పొగయు గర్భిణి ఊపిరిలోనికి పోయినచో బిడ్డ బరువు తగ్గును. అవ్వ చుట్ట వెలిగించుకొని అరుగుమీదికి పోయినను చాలును. ఆ వానకాలముననే దోమతెర తప్పనిసరి. మన్యపుటంచులలో మలేరియా గర్భిణిని తక్కినవారికంటె తీవ్రముగా పట్టును.

ఇరువది నాలుగు, ఇరువది యెనిమిది వారముల నడుమ 75 గ్రాముల గ్లూకోజు త్రాగించి, రెండు గంటలకు రక్తములో చక్కెర చూచెదరు. 140 దాటినచో గర్భకాలపు మధుమేహము. సన్ననివారికిని అది రావచ్చును. అంతకంటె నేను ఎక్కువ హెచ్చరింపదలచినది రక్తపోటును గూర్చి, ఏలయన అది తొలిచూలు పిల్లలనే ఎక్కువగా వరించు వ్యాధి. గర్భాశయపు గోడలోని సన్నని మెలికల ధమనులు, మాయ నాటుకొనువేళ వెడల్పై, పిల్లకాలువలు పెద్దకాలువలైనట్లు కావలెను. కొందరిలో అవి ఇరుకుగానే మిగిలిపోవును; అప్పుడు రక్తము చాలని మాయ కొన్ని పదార్థములను తల్లి రక్తములోనికి వదలగా, ఆమె రక్తనాళములన్నియు బిగిసి, రక్తపోటు 140/90 దాటి, మూత్రమున ప్రోటీను పోవును. మొదట బాధ ఏమియు తెలియదు. కాళ్ళవాపు చాలమందికి సహజమే. ముఖమును, చేతులును ఉబ్బుట, మందునకు లొంగని తలనొప్పి, కన్నులముందు మెరుపులు, డొక్కక్రింద నొప్పి వచ్చినచో అది అపాయము. చికిత్స లేనిచో ఫిట్స్ వచ్చును. దీనినే పల్లెలలో గుఱ్ఱపువాతమని పిలిచి, గాలి సోకినదని భూతవైద్యుని తెచ్చి, గంటలు పోగొట్టుకొందురు. మెగ్నీషియం సల్ఫేటు అను చవుక మందు ఆ ఫిట్సును ఆపగలదు. రక్తపోటు చూచుటకు పట్టునది రెండు నిమిషములు. కడపటి నెలలో అది వారమునకొకమారు చూపించుకొనవలెను.

చిన్నపిల్లల పెండ్లిండ్లను ఎత్తిచూపిన గురజాడవారి కన్యాశుల్కము నాటకము విజయనగరమున తొలిసారి ప్రదర్శితమైనది 1892లో. అంతకాలము గడచినను పదునెనిమిదేండ్లు నిండకుండ తల్లులగు పిల్లలు మన జిల్లాలలో నేటికిని ఉన్నారు. వారి ఎముకలే ఇంకను పెరుగుచుండును, రక్తము వారికే చాలదు. అట్టి పిల్ల గర్భవతియైనచో సిగ్గుచేత ఇంట దాచుట ఆమెకు ద్రోహము. అందరికంటె ముందు కార్డు వ్రాయింపవలసినది ఆమెకే.

సెప్టెంబరునాటికి సీమంతము, సూడిదలు అయి, అమ్మాయి పుట్టింటికి చేరును. తొలికాన్పు పుట్టింట జరుగవలెనను ఆచారము దయగల ఆచారము. దానితోబాటు ఆసుపత్రియు మారును గనుక కార్డు, పరీక్షల కాగితములు, స్కానింగు చిత్రములు ఆమెతో పోవలెను. విజయనగరమున స్త్రీల ఆసుపత్రిని జనులు ఘోషాసుపత్రియని పిలుచుట ఎరిగినదే. పరదా మరుగున బ్రదుకు స్త్రీలు పురుషవైద్యుల ఎదుటికి రాక మరణించుచున్న కాలమున, వారికొరకు ప్రత్యేకముగా వెలసిన ఆసుపత్రులకు నాడు వచ్చిన పేరది. నేడు ఆంధ్రప్రదేశమున నూటికి తొంబదియారు కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుచున్నవి. 2018–20 లెక్కలలో లక్ష సజీవ జననములకు దేశమున 97 మంది తల్లులు మరణింపగా మన రాష్ట్రమున 45 మంది. 2019–21 నాటి సర్వేలోని ఇంకొక లెక్క మాత్రము ఆలోచింపజేయును: దేశమున నూటికి ఇరువదియొకటి, ఇరువదిరెండు సిజేరియనులు కాగా, మన రాష్ట్రమున నలువదిరెండు. అవసరమైన ఆపరేషను ప్రాణదానమే. ముహూర్తమునకు బిడ్డను తీయుమని అడుగుట, నొప్పులకు జడిసి ముందే నిశ్చయించుకొనుట వేరు. ఆపరేషను కావలెనని వైద్యులు చెప్పినప్పుడు కారణమేమని వినయముగా అడిగి తెలిసికొనుటకు తల్లికి హక్కున్నది.

అక్టోబరు వచ్చినది. పైడితల్లి సిరిమానోత్సవపు సందడి ఒకవంక, తుఫానుల భయము ఒకవంక. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ మన తీరమును కొట్టినవి. చెట్లు కూలి దారులు మూసికొనిపోయినవి. నెలలు నిండిన అమ్మాయి యున్న ఇంటివారు తుఫాను హెచ్చరిక వినగానే ఆసుపత్రియున్న ఊరికి చేరుకొనవలెను. కొండలమీది గిరిజన గ్రామములనుండి గర్భిణులను డోలీలలో మోసికొనివచ్చు దారులలో దారుణములు జరిగిన పిమ్మట, గడువునకు ముందే వచ్చి ఉండుటకు సాలూరులో వారికి వసతిగృహము ఏర్పాటైనది. రామతీర్థపు పల్లెవారికి దారి అంత దుర్గమము కాకున్నను, అర్ధరాత్రి వర్షములో బండి దొరకని కష్టము వారికిని ఉన్నది. కాన పిలిస్తే వచ్చు ఆటో ఎవరిదో, 108 అందనిచో ఏమి చేయవలెనో, అమ్మాయి రక్తపు గ్రూపు కలవారు బంధువులలో ఎవరున్నారో ముందుగానే మాట్లాడుకొనవలెను. కాన్పు తరువాత రక్తస్రావమున గంటలో ప్రాణము పోవచ్చును. ఉతికి ఎండవేసిన మెత్తని పాతచీరముక్కలు, అమ్మాయి బట్టలు, కార్డు ఒక సంచిలో సిద్ధము చేసి తలుపు చెంత ఉంచినచో చాలును.

ఆగి ఆగి వచ్చి, నడచినంతనే పోవు నొప్పులు ఉత్తనొప్పులు. క్రమముగా దగ్గరపడి, అయిదు నిమిషములకొకటి చొప్పున గంటసేపు వచ్చినచో బయలుదేరవలెను. రక్తము కనబడినచోను, ఉమ్మనీరు పోయినచోను నొప్పులకొరకు వేచియుండరాదు; ఆ నీరు పోయిన వేళను, దాని రంగును గుర్తుంచుకొని చెప్పవలెను, ఆకుపచ్చగా నున్నచో మరింత తొందరపడవలెను. తొలికాన్పునకు పండ్రెండు, పదునెనిమిది గంటలు పట్టుట విశేషము కాదు. ఆ గంటలలో నడుము రుద్దుచు, నీళ్ళు అందించుచు, చేయి పట్టుకొని కూర్చుండు మనిషి ఒకరు వెంట ఉన్న స్త్రీలకు కాన్పు త్వరగా జరుగుటయు, ఆపరేషనులు తగ్గుటయు అనేక దేశముల పరీక్షలలో తేలినది. మన ప్రభుత్వ ఆసుపత్రులలోను అట్లొకరిని లోనికి రానీయవచ్చునని 2016లో కేంద్రము అనుమతి నిచ్చినది. ఆ ఒక్కరు తల్లియో, అక్కయో, వదినెయో, అత్తగారో, ఎవరు కావలెనో పెద్దలు నిర్ణయింపక, ముందుగానే ఆ అమ్మాయినే అడుగవలెను.